పట్టు ఒర

బాగేపల్లిలో ఇప్పటికీ ఈ కథను ఒకే విధంగా చెప్తారు. డాక్టరు మంచివాడు, ప్రాణానికి తెగించి సాక్ష్యం చెప్పడానికి బయల్దేరాడు, నడుములో రివాల్వరు కూడా ఉండింది. కానీ ఇంట్లో తల్లికి మడి పిచ్చి, పెండ్లానికి చదువుకున్నానన్న పిచ్చి. రెండు పిచ్చులూ కలిసి తుపాకీకి పట్టు సంచి కుట్టించినాయి. సమయానికి చెయ్యి పెడితే తుపాకీ పట్టులో చిక్కుకునింది. పాపం, ఆయనేం చేస్తాడు?

చెప్పేవాళ్ళు చివర్లో కొంచెం నవ్వుతారు కూడా. ఒక పెళ్ళి భోజనాల్లో నా వెనక పంక్తిలో కూర్చుని ఒకావిడ ఇదే చెప్తూ ఉంటే నేను వెనక్కి తిరిగి, "ఆ పెండ్లాన్ని నేనేనమ్మా, కొంచెం గట్టిగా చెప్పు, నాకూ వినాలని ఉండాది" అన్నాను. ఆవిడ పాయసం వదిలేసి లేచిపోయింది. నోరున్నదాన్నని నాకు ఉన్న పేరు ఆ రోజు ఇంకొంచెం పెరిగింది. పెరగనీ.

చిక్కుకోలేదు. ఆ ఒరలో తుపాకీ చిక్కుకోదు. దాన్ని ఎంచింది నేను, కుట్టించింది నేను, పరీక్షించింది నేను. ఇన్నేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావని అడిగితే దానికీ జవాబుంది. మా అత్తగారు పోయిన సంవత్సరం పోయారు. ఇక చెప్పొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఆయన బాగేపల్లి తాలూకా ఆస్పత్రిలో డాక్టరు. నేను బెంగళూరులో బి.ఏ. చదివి వచ్చినదాన్ని. ఆ ఊళ్ళో ఆ చదువుతో చేసే పని ఏదీ లేదు గనక ఆయన పేపర్లు సర్దేదాన్ని, ఆయనతో వాదించేదాన్ని. మాతో మా అత్తగారు ఉండేవారు. వాళ్ళది తరతరాలుగా గుడి సేవ చేసిన ఇల్లు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొడుకు పెరట్లో బావి దగ్గర తలమీద నీళ్ళు పోసుకోకుండా ఆవిడ గడప దాటనిచ్చేది కాదు.

పరగోడు వైపు ఒక ఊళ్ళో పెద్ద ఆసామి దగ్గర బండి తోలే మనిషి ఒకడు ఆసామి చింతతోపులోనే ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఉరేసుకున్నాడు అన్నారు. శవం మా ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన చూసింది చూసినట్టు రాశాడు: గొంతు మీద వేళ్ళ గుర్తులున్నాయి, ప్రాణం పోయింది చేతులతో, తాడు పడింది తర్వాత. ఇదంతా చిక్కబళ్ళాపురం కోర్టులో నిలబడి ప్రమాణం చేసి చెప్పాలి. ఆయన చెప్తే కేసు ఉంది, చెప్పకపోతే లేదు. చచ్చినవాడికి ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు.

కోర్టుకు నెలన్నర ఉందనగా ఒక పొద్దున మా గేటుకు కొత్త తాడు చుట్ట ఒకటి వేలాడదీసి ఉంది. మా అత్తగారు దాన్ని లోపలికి తెచ్చి, "ఎవురో జబ్బు నయమైనోళ్ళు తెచ్చిచ్చినట్టుండారు, బావికి చేంతాడు పాతదై పోయింది, మంచిపని చేసినారు" అన్నది. నేను, ఆయన ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ తాడు ఎందుకొచ్చిందో ఆవిడకు చెప్పలేదు. రోజూ ఆ తాడుతో నీళ్ళు తోడుకున్నాం. ఆ నీళ్ళే తాగాం.

చింతామణిలో మా నాయన ఉండేవారు. అడవి శాఖలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయన దగ్గర ఒక చిన్న రివాల్వరు ఉండేది. తాలూకా అధికారి అమల్దారుకు అర్జీ పెట్టి, అటూ ఇటూ తిరిగి, దాన్ని అల్లుడి పేరు మీదికి లైసెన్సు మార్పించారు. మా ఆయనకు అది ఇష్టం లేదు. "నేను చదివింది మనుషుల్ని బతికించేదానికి" అన్నాడు. "బతికించేదానికి మీరు బతికి ఉండాలండీ" అన్నాను. నేను నెగ్గాను. నెగ్గడం అలవాటైనదాన్ని.

తుపాకీ వచ్చింది. దాన్ని మనిషి ఒంటి మీద యాడ పెట్టాలన్నది అసలు కష్టమని నాకప్పుడు తెలియదు.

నాయన ఇచ్చిన పాత ఒర, అడవి శాఖ వాళ్ళు యూనిఫారం పైన బెల్టుకు తగిలించుకునేది. పైన మూత, మూతకు ఇత్తడి గుండీ, అరచెయ్యంత వెడల్పు. దాన్ని పెట్టుకుని డాక్టరు ఆస్పత్రికి పోతే జ్వరం వచ్చినవాళ్ళు జ్వరంతోనే తిరిగిపోతారు. అదీకాక కనపడకూడదు. పోలీసు ఇన్స్‌పెక్టరు ఆ విషయం విప్పి చెప్పాడు: "కనపడిందంటే అవతలి లాయరు, డాక్టరు పగబట్టి తుపాకీతో తిరుగుతాండాడని కోర్టులో అంటాడమ్మా. ఆసామి మనుషులకు తెలిసిందంటే దగ్గరికి వచ్చి బెదిరించరు, దూరం నుంచే పని చూసుకుంటారు." అంటే తుపాకీ ఉండాలి, ఉన్నట్టు ఉండకూడదు. చేతికి దొరకాలి, కంటికి దొరకకూడదు.

మొదట ప్యాంటు జేబు. రెండో రోజే ఒక పిల్లాడి గొంతు చూడడానికి వంగితే జారి బెంచీ కిందికి పోయింది. అక్కడ కూర్చున్న ఒక అవ్వ దాన్ని తీసి తన కొంగుతో తుడిచి, "డాక్టరప్పా, నీ గొట్టం పడిపోయింది చూడు" అని చేతికిచ్చింది. ఆయన ఇంటికొచ్చి చెప్తే నేను నవ్వాను. నవ్వి, లోపలికి పోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ అవ్వ దాన్ని ఇంకో విధంగా పట్టుకుని ఉంటే?

తర్వాత డాక్టరు సంచి. ఇది నా ఆలోచన. అడుగున ఇంకో అట్ట వేసి దాని కింద దాచాలని. మా ఆయన నెమ్మదిగా అడిగాడు: "బస్సెక్కినప్పుడు సంచి పైన కడతారు కదా. నేను పైన కూర్చోవాల్నా?" ఆ మాటతో ఆ ఆలోచన అయిపోయింది.

తర్వాత దొరలు కోటు కింద చంకలో వేలాడదీసుకుంటారని ఇన్స్‌పెక్టరు చెబితే, మిలిటరీ డేరా గుడ్డ సంపాదించి టైలరుతో పట్టీలు కుట్టించాను. దాన్ని వేసుకుంటే బాగేపల్లి ఎండకు గంటలో పట్టీలు చెమటతో తడిసి భుజం కోసుకుపోయింది. రోగి నాడి చూడటానికి చెయ్యి చాపితే కోటు తెరుచుకుని పిడి కనిపించేది. జంధ్యం పట్టీల్లో మెలిపడి రోజూ ఒక తగాదా. నాలుగో రోజు ఆయన దాన్ని విప్పి నా ఒళ్ళో పడేసి, "నన్ను చంపేది వాళ్ళు కాదు, నువ్వే" అన్నాడు. అప్పటికి కోర్టుకు ఇరవై రోజులుంది. ఏడవడం నాకు చేతకాదు. గొంతు పెంచాను.

చింతామణికి పోయి నాయనను అడిగాను. ఆయనకు అప్పటికే చెవుడు. చెవిటివాళ్ళు అందరూ చెవిటివాళ్ళే అనుకుని మాట్లాడతారు. వీధి అరుగు మీద కూర్చుని కేక పెట్టి చెప్పాడు: "నడుము లోపల పెట్టాలమ్మా, బట్ట లోపల. మూత ఉండకూడదు, గుండీ ఉండకూడదు. గట్టిగా పట్టుకోవాల, లాగితే ఒక్క లాగుకు రావాల. మెత్తగా ఉంటే తీసిన వెంటనే నోరు మూసుకుంటుంది." నేను తలుపు వేసొచ్చి, "నాయనా, రహస్యం" అన్నాను. "రహస్యమే" అని ఇంకా గట్టిగా అరిచాడు. అందుకే తర్వాత ఏ విషయమూ ఆయనకు చెప్పలేదు.

ఆయన చెప్పినట్టే చిన్న తోలు ఒర ఒకటి కుట్టించాను. మూత లేదు. నాడాతో నడుముకు కట్టుకుంటే చొక్కా కింద కడుపు పక్కన అణిగి ఉండేది. వంగినా జారలేదు, కూర్చున్నా గుచ్చలేదు. నాలుగు రోజులు నిద్రపోయాను. అత్తగారు ఊరికి పోయి ఉన్నారు ఆ నాలుగు రోజులూ.

ఐదో రోజు ఆవిడ వచ్చింది. కొడుకు బావి దగ్గర స్నానానికి చొక్కా విప్పుతుంటే చూసింది.

"అదేమిరా నడుముకు?"

ఆయన చెప్పేశాడు. తల్లి ముందు అబద్ధం ఆడలేని మనిషి. తుపాకీ అంటే ఆవిడ భయపడలేదు. ఎందుకని అడగలేదు కూడా, ఊళ్ళో మాట ఆవిడ చెవినా పడినట్టుంది. "తుపాకీ పెట్టుకో నాయనా, నిండా పెట్టుకో. తోలు వద్దు. చచ్చిన గొడ్డు తోలు నడుముకు కట్టుకోని పీట మీద కూర్చుంటావా? దేవుడింటికి పక్క గోడే కదా."

ఇంకేముంది, భోజనానికి ముందు ఒర విప్పి పడసాలలో కోటు తగిలించే చిలక్కొయ్యకు తగిలించడం మొదలైంది. పొద్దున పది గంటలకు, రాత్రి ఎనిమిదికి, మా ఆయన మడిపంచె కట్టుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా, పెరటి తలుపు వైపు వీపు పెట్టి వంటింట్లో కూర్చుంటాడని బాగేపల్లిలో అందరికీ తెలుసు. తుపాకీ రెండు గదుల అవతల. నేను అత్తగారితో వాదించాను. ఆస్పత్రిలో బూట్లు తోలే అన్నాను, మృదంగం తోలే అన్నాను. "మృదంగాన్ని వంటింట్లో వాయిస్తారా?" అన్నది. చదువుకోని మనిషి.

ఒక పొద్దున ఆయన అన్నంలో పులుసు కలుపుకుంటున్నాడు. నేను తల ఎత్తితే పెరట్లో బావి దగ్గర ఎవరో మనిషి. తెల్లటి తలగుడ్డ, భుజం మీద కంబళి. "రొన్ని నీళ్ళు పోస్తారా అమ్మా" అన్నాడు. అత్తగారే చెంబుతో పోసింది. వాడు దోసిట్లో తాగుతూ, తలుపులోంచి ఆయన్ను చూశాడు. ఒంటి మీద చొక్కా లేని వీపును, నడుమును. తాగడం అయిపోయాక కూడా చూశాడు. మూతి తుడుచుకుని చేంతాడును రెండు వేళ్ళతో పట్టి చూసి, "తాడు బాగుండాది" అని పోయాడు.

మా ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. నేను పడసాల్లోకి పరుగెత్తి చిలక్కొయ్య దగ్గర నిలబడ్డాను. దాన్ని తీసుకుని ఎవరి చేతికివ్వాలి? వంటింట్లోకి తోలు తీసుకుపోకూడదు. ప్రాణం పోతుందని తెలిసి కూడా నా కాళ్ళు ఆ గడప దగ్గర ఆగాయి. డిగ్రీ ఉన్న కాళ్ళు.

ఆ మధ్యాహ్నం అత్తగారు వత్తులు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, పట్టుకు మైల ఉండాదా?"

"పట్టుకు యాడి మైల? పట్టు మడే కదా."

"ఇనుముకు?"

"ఇనుముకేం మైల, అట్లకాడ ఇనుమే కదా." ఆవిడ వత్తి ఆపి నన్ను చూసింది. "పట్టుతో కుడతావా?"

"కుడతా."

"కుట్టు. నా పెళ్ళి చీర ఉండాది, కొంగు గట్టిది. దాన్ని కత్తిరించు."

నన్ను ఎగతాళి చేసేవాళ్ళకు తెలియనిది ఇదే. ఆవిడ మడి పిచ్చి అంటారు. యాభై ఏళ్ళు దాచుకున్న చీరను ఆవిడే పెట్టెలోంచి తీసి కత్తెర నా చేతికిచ్చింది.

నాలుగు పొరలు వేసి కుట్టాను. ఊళ్ళోవాళ్ళ కథ ఇక్కడివరకు నిజమే: ఆ మొదటి పట్టు సంచిలో తుపాకీ చిక్కుకునేది. వెనకవైపు వేలితో వెనక్కి లాగే చిన్న కొక్కెం ఉంటుంది, అది జరీ పోగుల్లో పట్టుకునేది. తుపాకీ బయటికొస్తే సంచి చితికిన గుమ్మడిపువ్వు మాదిరి ముడుచుకుపోయేది. ఇది నేనే కనిపెట్టాను, కుట్టిన రోజే. ఊళ్ళోవాళ్ళు కాదు. పన్నెండు రోజులుంది.

మళ్ళీ చింతామణి. ఈసారి నాయన ఇంటికి పోకముందే, జట్కా గుర్రాలకు జీన్లు కుట్టే ముసలి సాయిబు అంగడికి పోయాను. తుపాకీని చీరకొంగులో చుట్టి తీసుకుపోయాను. ఆయన దాన్ని చూసి ఏమీ అడగలేదు. పట్టు సంచి చూసి నవ్వాడు.

"దీంట్లో తోలు పెట్టాల. పైకి కనపడకూడదు. తాకితే తెలియకూడదు," అన్నాను.

"పట్టు మీద తోలు తొడిగేది చూసినా. తోలు మీద పట్టు తొడిగేది ఇప్పుడే చూస్తాండా అమ్మా. ఎవురికి భయపడి?"

"మా అత్తకు."

"అయితే గట్టిగానే కుట్టాల," అన్నాడు.

మంచి తోలంతా మిలిటరీ బూట్లకు పోతున్న రోజులు. తంగేడు చెక్కలో ఊరిన పాత కళ్ళెపు తోలు ముక్క ఒకటి వెతికి తీశాడు. దాన్ని గీకి గీకి పలచన చేశాడు. నీళ్ళలో నానబెట్టి ఆ తుపాకీ మీదే చుట్టి ఎండబెట్టాడు. ఎండాక తోలుకు తుపాకీ రూపం పడింది. కొక్కెం దగ్గర వేలెడు ఎత్తుగా తోలు వదిలి నున్నగా రుద్దాడు. జరీ అంతా విప్పేసి, లోపల పట్టు, మధ్యన తోలు, బయట పట్టు పెట్టి కుట్టాడు. వాసన రాకుండా నేను కర్పూరం పొట్లంలో రెండు రోజులు పెట్టాను.

తిరిగొచ్చి, గుళ్ళు తీసేసి, సామాన్ల గదిలో తలుపు వేసుకుని నా నడుముకు కట్టుకుని లాగి చూశాను. నిలబడి, కూర్చుని, వంగి, చెమట పట్టిన చేత్తో, నూనె చేత్తో, ఎడమ చేత్తో. లెక్క తప్పకుండా పెదవులతో ఎంచుతూ నూటెనిమిది సార్లు. ఒక్కసారీ చిక్కుకోలేదు. తలుపు సందులోంచి చూసిన అత్తగారు నేను కొడుకు కోసం జపం చేస్తున్నాననుకుని చప్పుడు చేయకుండా పోయింది. జపమే అనుకోండి.

ఆ తోలు సంగతి మా ఆయనకు చెప్పలేదు. చెబితే తల్లికి చెప్పేస్తాడు. ఇంకో విధంగా కుట్టానన్నాను, అంతే. ఆయన రోజూ దాన్ని కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. అత్తగారు వడ్డించింది. నేను నెయ్యి వేస్తూ ఆ పట్టు వైపు చూడకుండా ఉండటం నేర్చుకున్నాను.

కోర్టు రోజు పొద్దున. మేము బయల్దేరుతుంటే అత్తగారు "ఆగు" అని, ఆ ఒరను కొడుకు నడుము నుంచి విప్పించి, దేవుడి గూట్లో సాలగ్రామం ముందర పెట్టింది. కుంకుమ పెట్టింది. హారతి తిప్పింది. ఆపాలనుకున్నాను. ఆపితే ఆయన తుపాకీ లేకుండా పోవాలి. ఆపలేదు. ఆవిడ తన చేత్తో దాన్ని కళ్ళకద్దుకుని కొడుక్కు ఇచ్చింది. ఆ నిమిషం నుంచి నేను ఎవరికీ నిజం చెప్పలేనిదాన్నయ్యాను.

పెట్రోలు దొరక్క బస్సులు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచేవి. పేరేసంద్ర దాటాక ఎత్తు రాగానే మా బస్సు ఆగిపోయింది. కండక్టరు మగవాళ్ళను దిగి తొయ్యమన్నాడు. ఆడవాళ్ళం ముందు సీట్లలో అట్లే కూర్చున్నాం. కాసేపు తోసి, పొయ్యి రాజుకునేదాకా నిలబడ్డారు. మా ఆయన రోడ్డు పక్కకు పోయాడు. ఇద్దరు ఆయన దగ్గరికి వచ్చారు. వాళ్ళూ మా బస్సులోనే వెనక కూర్చున్నవాళ్ళు. ఒకడు తెల్ల తలగుడ్డ, కంబళి.

కిటికీలోంచి నేను చూశాను. పది బారల దూరం లేదు. మాటలు వినపడలేదు. ఆయన కుడిచెయ్యి కోటు కిందికి పోయింది. నేను మనసులో లెక్కపెట్టాను: ఒకటి. ఇంట్లో ఒకటి అనేలోపు తుపాకీ బయటికి వచ్చేది. రెండు. మూడు. చెయ్యి లోపలే ఉంది. తలగుడ్డవాడు బస్సు వైపు తిరిగి, నన్ను చూసి, రెండు చేతులూ జోడించాడు. "బాగుండారా అమ్మా?" అని అక్కడినుంచే పలకరించాడు. తొమ్మిది. పది. చెయ్యి బయటికి వచ్చింది, ఖాళీగా. అదే చేత్తో ఆయన కోటు గుండీ పెట్టుకున్నాడు.

వాదించేవాళ్ళను ఒక్కటి అడుగుతాను. చిక్కుకున్నదాన్ని లాగే మనిషి మోచెయ్యి కదలదా? భుజం కదలదా? నేను ఆ చేతినే చూస్తున్నాను. అది కదల్లేదు. తుపాకీ మీద చెయ్యి వేసిన మనిషి మాదిరిగా లేదు, గుండెల మీద చెయ్యి వేసుకున్న మనిషి మాదిరిగా ఉండింది.

కోర్టు మెట్ల దగ్గర ఆయన ఒర విప్పి నాకిచ్చాడు, లోపలికి తీసుకుపోకూడదు గనక. నేను దాన్ని కొంగు కింద ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. పక్కనే చచ్చినవాడి తల్లి. పరగోడు వైపు నుంచి నడిచి, ఎవరి బండో ఎక్కి, ముందు రోజుకే వచ్చి ఉందట. లోపల కన్నడం, ఇంగ్లీషు. ఆవిడకు రెండూ రావు. నాకు రెండూ వచ్చు. మా ఆయన గొంతు వినిపించింది: వేళ్ళ గుర్తులని నేను రాసినవి తాడు ఒరుసుకుని అయినా కావచ్చు, ఖచ్చితంగా చెప్పలేను.

"డాక్టరప్ప ఏం చెప్తాండాడమ్మా?" అన్నది ఆ తల్లి.

"ఇంకా చెప్తాండాడు. అయిపోలేదు," అన్నాను. అప్పటికి అయిపోయింది.

తల్లి ముందు అబద్ధం చెప్పలేని మనిషి, మేజిస్ట్రేటు ముందు చెప్పాడు.

మేము దిగిన చత్రానికి వచ్చాక గది తలుపు వేసి అడిగాను. ఎందుకు తీయలేదు?

ఆయన చొక్కా విప్పుతూ, నా వైపు చూడకుండా, "చిక్కుకునింది" అన్నాడు.

"యాడ చిక్కుకునింది?"

"పట్టులో."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోతే ఒరను నడుముకు కట్టుకుని లాగాను. వచ్చింది. మళ్ళీ లాగాను. వచ్చింది. ఆయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. "నీ చేతికి వస్తుంది. భయపడిన చేతికి రాదు," అన్నాడు.

ఆ తిరుగు ప్రయాణంలో చింతామణికి పోయినప్పుడు మా నాయన అడిగితే ఆయనకూ అదే చెప్పాడు. నాయన వీధి అరుగు మీద కూర్చుని, "చిక్కుకునిందా? పట్టులోనా? పట్టుతో ఎవురన్నా ఒర కుడతారా?" అని కేక పెట్టాడు. ఆ వీధిలో విననివాడు లేడు. మేము బాగేపల్లి చేరేసరికి కథ మాకంటే ముందే చేరింది. జీన్లు కుట్టే సాయిబు ఒక్కడే నా సాక్షి, ఆ చలికాలం దాటకుండా ఆయనా పోయాడు.

కేసు కొట్టేశారు. కొన్నాళ్ళకు ఆ తల్లి జ్వరంతో ఆస్పత్రికి వచ్చింది. మందు తీసుకుంటూ మా ఆయనతో, "చిక్కుకునిందంట కదప్పా. నువ్వేం చేస్తావులే," అన్నదట. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ కథ ఆయన్ను కాపాడింది. రివాల్వరు చేయలేని పని అది చేసింది.

నేను భరించాను, పోనీయండి. మా అత్తగారి సంగతే చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ మడి మానేసింది. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్కటిగా. ఆస్పత్రి నుంచి వచ్చిన కొడుకును అట్లే లోపలికి రానిచ్చింది. దేవుడి గూటి ముందర కూర్చుని, "నా మడే వాడి చెయ్యి పట్టుకునింది" అనేది. కొడుకు అక్కడే ఉండి వినేవాడు. ఏమీ అనేవాడు కాదు. నేను వినేదాన్ని. నేనూ ఏమీ అనేదాన్ని కాదు. ఏమని చెప్పేది? నీ మడి కాదత్తా, అందులో తోలు ఉండాది, దానికే నువ్వు సాలగ్రామం ముందర హారతిచ్చినావు అనాలా? ఒక బరువు దించి ఇంకోటి ఎత్తినట్టవుతుంది. ఏది తక్కువ బరువో తేల్చుకోలేక ఆవిడ పోయేదాకా గడిపేశాను.

మా ఆయన తల్లి కంటే ముందే పోయాడు, నిద్రలోనే, గుండె ఆగి. ఒర నా దగ్గరే ఉంది. పట్టు ఒకవైపు చిరిగి లోపలి తోలు కనిపిస్తోంది. దాన్ని చూస్తే నాకు ఆయన తీయలేదన్న కోపం రాదు. భయపడ్డాడు, నేను కిటికీలో కూర్చుని ఉన్నాను, ఎవరైనా భయపడతారు. నేను ఆ రోజు బస్సు ఎక్కకుండా ఉండాల్సిందేమో అని కూడా అనుకుంటాను, ఎవరూ వినకుండా. నన్ను తినేది వేరే.

చర్మం మీద వేలు పెట్టి కింద ఎముక యాడ విరిగిందో చెప్పగలిగిన మనిషి ఆయన. ఆ వేళ్ళతోనే రోజుకు రెండుపూటలా ఆ ఒరను కట్టుకున్నాడు, విప్పాడు. తెలియకపోతే, ఆయన నిజంగానే పట్టుకు భయపడి ఉండొచ్చు. ఆ పది లెక్కల సేపు ఆ పట్టు తనను మోసం చేస్తుందనే నిలబడి ఉండొచ్చు. తెలిస్తే మాత్రం, నేను తిరిగి జవాబు చెప్పలేని ఒకే ఒక్క అబద్ధాన్ని ఎంచుకుని నా మీద వేశాడు, తన తల్లినీ దాని కింద కూర్చోబెట్టాడు.

ఆ పట్టు కింద తోలు ఉందని ఆ వేళ్ళకు తెలుసా, తెలియదా?